అరచేతిలో పరామర్శ : ఆరోగ్య యాప్ రూపకల్పన – ఒక పరిశీలన

ఆరోగ్యమే మహాభాగ్యమని తెలుగువారు, తందురుస్తీ వేయి వరాలకు సమానమని ఉర్దూ మాట్లాడేవారు తరతరాలుగా చెప్పుకొంటున్నారు. రెండు భాషలవారూ ఆరోగ్యాన్ని భాగ్యంతో, వరంతో పోల్చారే గాని పరీక్షతో పోల్చలేదు. ఈ భేదం పైకి చిన్నదిగా కనిపించినా ఈ వ్యాసానికి అదే మూలం. నేడు మనిషికి తన దేహస్థితిని దినదినమూ తెలియజెప్పే పనిని అరచేతిలోని ఫోన్ తలకెత్తుకొన్నది. ఎన్ని అడుగులు నడిచాము, ఎన్ని గంటలు నిద్రించాము, రక్తంలో చక్కెర ఎంత, రక్తపోటు ఎంత అన్న వివరాలన్నీ ‘యాప్’ అనే సాధనం లెక్కగట్టి చెబుతున్నది. అది చెప్పే తీరు ఆప్తబంధువు తీరుగా ఉన్నదా, లేక మార్కులు వేసే పరీక్షాధికారి తీరుగా ఉన్నదా అన్నది విచారింపదగిన విషయం.

తెలుగు బోధించే మాకు ఈ విషయంతో పనియేమని పాఠకులు ప్రశ్నింపవచ్చును. మాకు ఆ పని ఒక విద్యార్థిని వలన కలిగింది. కంప్యూటర్ శాస్త్రం చదువుతున్న ఆమె తన ప్రాజెక్టుగా ఒక ఆరోగ్య యాప్‌ను తయారుచేస్తూ, అందులోని నలభై వాక్యాలను తెలుగులోకి మార్చి ఇమ్మని మమ్మల్ని కోరింది. మేము సంతోషంగా ఒప్పుకొన్నాము. ‘మీరు ఈనాటి లక్ష్యసాధనలో విఫలులైనారు’, ‘మీ రక్తశర్కర ప్రమాదకర స్థాయిలో ఉన్నది’, ‘మీరు ఔషధసేవనంలో అలక్ష్యం వహించినారు’ అంటూ వ్యాకరణ దోషం లేకుండా రాసి ఇచ్చాము. మా పని ముగిసిందనుకొన్నాము.

కొన్ని వారాల తరువాత ఆ అమ్మాయి తిరిగి వచ్చింది. యాప్‌ను మొదట వాడి చూసినది ఆమె తల్లి. ఆ తల్లికి చాలా ఏళ్లుగా మధుమేహం ఉన్నది. చక్కెర అంకె ఎక్కువైన ప్రతిసారీ తెర ఎర్రబడేది. దాని క్రింద మా వాక్యం కనిపించేది. ఆమెకు తెలుగు చదవడం అంతగా రాదు గనుక చిన్న కొడుకు దానిని బిగ్గరగా చదివి వినిపించేవాడు. పది రోజులు ఆ మాట విన్న తరువాత ఆమె నిజమైన అంకె రాయడం మానివేసింది. చిన్న యంత్రంలో 260 కనిపిస్తే ఫోన్‌లో 140 అని రాసేది. తెర మీద పువ్వులు విరిసేవి. అసలు సంగతి కాలి పుండు మానక ఆస్పత్రిలో చేరవలసి వచ్చిన రోజున గాని బయటపడలేదు.

“మా అమ్మీ ఫోన్‌కి కూడా భయపడింది సార్. మీ తెలుగు చాలా గొప్పగా ఉందట, కోర్టు నోటీసులాగా ఉందట” అని ఆ అమ్మాయి తలవంచుకొని చెప్పింది. ఆ మాట మాకు నిజంగా సిగ్గు కలిగించింది. దోషం కేవలం మా తెలుగులోనే లేదు. కాని మా తెలుగులో కూడా ఉన్నది. అందువలననే ఈ విషయాన్ని మొదటినుంచి ఆలోచించి విద్యార్థుల ముందు ఉంచుతున్నాము.

సంపూర్ణ ఆరోగ్యం అనగా నేమి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం 1948లో అమలులోకి వచ్చింది. రోగం లేకపోవడం మాత్రమే ఆరోగ్యం కాదనీ, శారీరక, మానసిక, సాంఘిక రంగాలు మూడింటిలోను క్షేమంగా ఉండడమే ఆరోగ్యమనీ అది నిర్వచించింది. ఈ భావం మన ప్రాచ్య వైద్యులకు క్రొత్త కాదు. యునానీ వైద్యంలో ‘అస్బాబె సిత్తా జరూరియా’ అనే ఆరు ఆవశ్యక కారణాలు చెప్పబడినవి. అవి గాలి, అన్నపానీయాలు, దేహం యొక్క కదలిక–విశ్రాంతి, మనసు యొక్క కదలిక–విశ్రాంతి, నిద్ర–మెలకువ, దేహంలో నిలువవలసినవి నిలవడం–పోవలసినవి పోవడం. చరకుడు ఆహారాన్ని, నిద్రను, బ్రహ్మచర్యాన్ని దేహానికి ఊతకోలలుగా చెప్పాడు. ఇద్దరి దృష్టిలోను మనిషి ఒక అంకె కాదు. ఒక జీవన విధానం.

మరొక విశేషం కూడా కలదు. తొమ్మిదవ, పదవ శతాబ్దుల నాటి మహావైద్యుడు అల్ రాజీ, వైద్యుడు అందుబాటులో లేనివారి కోసమని ప్రత్యేకంగా ఒక గ్రంథం రచించాడు. మసూచికాన్ని, పొంగును వేరువేరు వ్యాధులుగా వివరించిన ఆ పండితుడు, వైద్యుని ముఖం చూడలేని సామాన్యుని కూడా మరువలేదు. నేటి ఆరోగ్య యాప్ వెనుక ఉండవలసిన ఉద్దేశం అదియే. వైద్యుడు దగ్గర లేని వేళ, రోగికి తోడుగా నిలిచే గ్రంథం వంటిది యాప్. తోడుగా నిలవవలసినది బెదిరించినచో ఆ గ్రంథాన్ని ఎవరు తెరుస్తారు?

అంకెల మూలం

ఆరోగ్య యాప్‌లు చూపే అంకెలు ఎక్కడినుంచి వచ్చినవో తెలిసికొంటే వాటి ముందు మనకు ఉండే అనవసర భయం తగ్గుతుంది. రోజుకు 10,000 అడుగులు నడవవలెనన్న నియమం వైద్య పరిశోధన నుంచి పుట్టినది కాదు. 1965లో జపాన్‌లో ఒక సంస్థ అడుగులు లెక్కించే పరికరాన్ని విక్రయిస్తూ, దానికి ‘పదివేల అడుగుల మాపకం’ అని అర్థం వచ్చే ‘మన్పోకెయ్’ అనే పేరు పెట్టింది. వ్యాపారనామం క్రమంగా వైద్య నియమమై కూర్చున్నది. 2019లో ఐ-మిన్ లీ బృందం అమెరికాలో సగటున 72 ఏండ్ల వయసు గల పదహారు వేలకు పైబడిన స్త్రీల నడకను పరిశీలించింది. రోజుకు సుమారు 2,700 అడుగులు నడిచేవారికన్నా 4,400 అడుగులు నడిచేవారిలో మరణాల రేటు 41 శాతం తక్కువగా కనిపించింది. సుమారు 7,500 అడుగులు దాటిన తరువాత అదనపు లాభం కానరాలేదు. అనగా 4,400 అడుగులు నడిచిన అవ్వకు ‘సగం కూడా పూర్తిచేయలేదు’ అని చెప్పే యాప్ కఠినమైనదే గాక అసత్యమైనది కూడా.

ఎత్తుకు తగిన బరువును సూచించే దేహద్రవ్య సూచికకు మూలమైన లెక్కను పందొమ్మిదవ శతాబ్దంలో బెల్జియం గణాంకవేత్త కెత్లే కనుగొన్నాడు. అతడు జనసమూహాల సగటును వెదకినాడే గాని ఒక్కొక్క మనిషి ఆరోగ్యాన్ని నిర్ణయింపదలచలేదు. 1972లో ఆన్సెల్ కీస్ దానికి నేటి పేరు పెట్టాడు. పాశ్చాత్యులకు 25 దాటితే అధిక బరువు అంటుండగా, భారతీయులకు 23 దాటగానే జాగ్రత్త అవసరమని మన వైద్య నిపుణులు 2009లో నిర్ణయించారు. విదేశంలో తయారైన యాప్ మన దేహాలను మన కొలతతో కొలుస్తున్నదా అని అడగడం మన హక్కు.

ఇక దేశస్థితిని చూద్దాము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏండ్ల లోపు స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్టు అంచనా వేసింది. రక్తహీనతతో మెట్లు ఎక్కలేని స్త్రీకి ‘ఈరోజు మీరు బద్ధకించారు’ అన్న సందేశం పంపిస్తే ఆమెకు జరిగే మేలు ఏమిటి? అలసట ఎందుకు కలిగిందని అడిగి, రక్తపరీక్ష చేయించుకొమ్మని చెప్పే యాప్ ఆమెకు కావాలి.

పరామర్శ మర్యాదలు

మన సమాజంలో జబ్బుపడినవారిని చూడబోవడాన్ని పరామర్శ అంటాము. ఇస్లాం సంప్రదాయంలో దీనిని ‘ఇయాదత్’ అంటారు. అది తోటివాని పట్ల మనిషికి గల బాధ్యతలలో ఒకటి. ‘హమ్‌దర్ద్’ అనే పదాన్ని విడదీసి చూస్తే నొప్పిని కలిసి పంచుకొనేవాడు అని అర్థం. తెలుగువారు వాడే సహానుభూతి అన్న సంస్కృత పదానికీ కలిసి అనుభవించడమనియే అర్థం. మంచి పరామర్శకు పెద్దలు పాటించే మర్యాదలు ఐదు కనిపిస్తున్నవి. ఆరోగ్య యాప్ రూపకల్పనకు ఇవే సూత్రాలు కాదగినవని మా అభిప్రాయం.

మొదటిది, చెప్పడానికి ముందు అడగడం. పరామర్శకు వచ్చినవాడు గడప దాటగానే ఉపన్యాసం మొదలుపెట్టడు. ఎలా ఉన్నదని అడుగుతాడు. యాప్ కూడా వాడేవారికి ఏది ముఖ్యమో ముందు తెలిసికోవలెను. ఒకరికి నిద్ర ముఖ్యం, ఒకరికి మోకాలి నొప్పి ముఖ్యం. రూపకర్తలు తమ అనుభవాన్నే లోకానుభవంగా భావిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 2014లో ఆపిల్ సంస్థ ప్రవేశపెట్టిన ఆరోగ్య సాధనంలో ఎన్నో సూక్ష్మ పోషకాల లెక్కకు చోటున్నది గాని, స్త్రీల ఋతుక్రమం నమోదుకు చోటు లేకపోయింది. విమర్శలు వచ్చిన పిమ్మట 2015లో దానిని చేర్చారు. లోకంలో సగం మందిని అడగడం మరచిన ఫలితమిది.

రెండవది, నిందింపకపోవడం. ఇక్కడ తెలుగు వ్యాకరణమే మనకు తోడ్పడుతున్నది. ‘మీరు నిద్రపోలేదు’ అనే వాక్యంలో మనిషి కర్త, తప్పు అతనిది. ‘మీకు నిద్ర పట్టలేదు’ అనే వాక్యంలో నిద్రయే కర్త. మనిషి అనుభవించేవాడు మాత్రమే. ఆకలి వేయడం, నొప్పి పుట్టడం, నీరసం రావడం, జ్వరం తగలడం అన్నీ మన భాషలో మనిషి చేసే పనులు కావు, మనిషికి కలిగే అవస్థలు. ఇంతటి కరుణ వాక్యనిర్మాణంలోనే ఉండగా, మేము దానిని వదలి ‘అలక్ష్యం వహించినారు’ అని రాశాము. ‘మీరు మందు వేసుకోలేదు’ అన్న వాక్యం మరొక విధంగా కూడా దోషయుక్తమే. మందు వేసుకొన్నదీ లేనిదీ యంత్రానికి తెలియదు. నమోదు కాలేదన్న సంగతి మాత్రమే తెలుసు. ‘ఉదయం మాత్ర ఇంకా నమోదు కాలేదు, వేసుకున్నారా?’ అని అడిగితే మర్యాదకు మర్యాద, సత్యానికి సత్యం.

అయితే నిందింపకపోవడం అనగా నిజాన్ని దాచడమని ఎవరూ భావించరాదు. ఆ తల్లి రాసిన అబద్ధపు అంకెకు పువ్వులు చూపడమే ఆ యాప్ చేసిన అతిక్రూరమైన పని. 260 ఉన్నప్పుడు 260 అనియే చెప్పవలెను. ‘ఈనాటి చక్కెర 260. ఇది మీకు ఉండవలసినదానికన్నా ఎక్కువ. ఉన్నది ఉన్నట్టు రాసి మేలు చేశారు. కాలి మీద పుండు గాని, విపరీతమైన దాహం గాని, వాంతులు గాని ఉంటే ఈరోజే డాక్టరు గారికి చూపించండి’ అంటే నిజమూ దక్కుతుంది, మనిషీ దక్కుతాడు. కొలతను లక్ష్యంగా మార్చితే ఆ కొలత మీద నమ్మకం పోతుందన్న భావాన్ని ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్యవిధానాన్ని గురించి ప్రతిపాదించాడు. మధుమేహ రోగి నట్టింట్లో అదే సూత్రం రుజువైనది.

మూడవది, ఆ ఇంటి వేళావిశేషాలు ఎరగడం. నమాజు వేళ గాని, భోజనం వేళ గాని ఎవరూ పరామర్శకు పోరు. రంజాన్ మాసంలో పట్టపగలు గంటగంటకు ‘నీరు త్రాగండి’ అని హెచ్చరించే యాప్‌ను ఉపవాసి రెండవ రోజునే తొలగిస్తాడు. ఆ యాప్ సహరీ, ఇఫ్తార్ వేళలు ఎరిగి ఉంటే, ఆ రెండింటి మధ్యనున్న రాత్రి సమయంలో నీరు, మందులు గుర్తుచేస్తే అతడు దానిని ఆదరిస్తాడు. అంతేకాదు, ప్రాణం కూడా కాపాడవచ్చును. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య భాగస్వామిగా వెలువడిన రంజాన్ మార్గదర్శకాల ప్రకారం, చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాములకన్నా తగ్గినా, 300కన్నా మించినా ఉపవాసం విరమించవలెను. రోగికి, ప్రయాణికునికి ఇస్లాం సడలింపు ఇచ్చినదన్న సంగతిని ఆ క్షణంలో సౌమ్యంగా గుర్తుచేసే యాప్, మతాన్నీ వైద్యాన్నీ ఒకే త్రాటిపై నడిపినది అవుతుంది. ఏకాదశి, కార్తీక సోమవారాల ఉపవాసాలు చేసే సోదరీమణులకు కూడా ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

నాలుగవది, చూసినదాన్ని వీధిలో చెప్పకపోవడం. రోగి ఇంట విన్న మాటను బయట చాటేవానిని లోకం క్షమింపదు. కాని యాప్‌ల విషయంలో ఈ ద్రోహం కంటికి కనబడదు. స్త్రీల ఋతుక్రమాన్ని నమోదు చేసే ఒక యాప్, ఆ వివరాలను బయటి సంస్థలకు అందించిందన్న ఆరోపణపై 2021లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకొన్నది. మన దేశంలో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, పుట్టస్వామి వ్యాజ్యంలో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడినవి. సమ్మతి కోరే ప్రకటనను రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకొనే వీలు కల్పించవలెనని ఆ చట్టం చెబుతున్నది. ఉర్దూ, తెలుగు రెండూ ఆ షెడ్యూలులో ఉన్నవి. కాబట్టి సులభమైన తెలుగులో, సులభమైన ఉర్దూలో సమ్మతి పత్రం కోరడం మన వారికి దయాభిక్ష కాదు, హక్కు.

గోప్యత ఇంటిలో కూడా అవసరమే. పైన పేర్కొన్న కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము స్వయంగా వాడుకొనే ఫోన్ గల స్త్రీలు 54 శాతం మాత్రమే. తక్కినవారు భర్త ఫోన్‌లోనో కొడుకు ఫోన్‌లోనో చూసుకోవలసినదే. అట్టి ఇంటిలో తెర మీద పెద్ద అక్షరాలతో ఆమె అంతరంగ విషయం ప్రత్యక్షమైతే అది పరామర్శ కాదు, అవమానం. ఆమె భాగానికి వేరే తాళం, పైకి కనిపించని సాదా సందేశం, కోరినప్పుడు సమస్తం చెరిపివేసే వీలు తప్పక ఉండవలెను.

ఐదవది, ఎప్పుడు లేచి వెళ్ళాలో, ఎప్పుడు పెద్దలను పిలవాలో తెలియడం. పరామర్శకు వచ్చి గంటలకొద్దీ కూర్చునేవాడు రోగికి భారం. రోజుకు పదిసార్లు మ్రోగే యాప్ కూడా అంతే. వరుసగా ముప్పై రోజులు రాసి ఒక్కరోజు తప్పితే లెక్కను సున్నాకు తెచ్చే పద్ధతి కొందరికి ఉత్సాహం ఇవ్వవచ్చును గాని, రోగికి అది నిరుత్సాహ కారణం. మానిన తరువాత మళ్ళీ వచ్చినవారిని ‘ఇన్నాళ్ళూ ఏమైపోయారు?’ అనక, ‘రండి, ఈరోజు నుంచి రాద్దాము’ అని పిలవవలెను. అదే సమయంలో తనకు మించిన పని వచ్చినప్పుడు యంత్రం ప్రక్కకు తొలగవలెను. బ్రతకాలని లేదని ఎవరైనా రాస్తే దానికి సూక్తులు సమాధానం కావు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 అనే నంబరులో లభిస్తుంది. ఆ నంబరును వెంటనే ముందుంచి, దగ్గరివారిని పిలిచే మార్గం చూపడమే అక్కడ కరుణ.

భాష, లిపి

యాప్‌ను ఆంగ్లంలో రాసి చివరకు తెలుగు పూత పూయడం నేటి అలవాటు. ఉర్దూ కుడినుంచి ఎడమకు నడిచే లిపి. తెర అంతా దానికి అనుగుణంగా తిరగవలెను గాని అక్షరాలు మాత్రమే మారితే చాలదు. తెలుగు మాటలు నిడివైనవి. వాటిని ఇరుకు గడులలో కుక్కితే సగం విరిగి అర్థం చెడుతుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే ఒక్క తెలుగు అక్షరం సందేశంలో రాగానే ఐఫోన్‌లలోని యాప్‌లు స్తంభించిన ఉదంతం లోకమంతటికీ తెలిసినదే. తరువాత ఆ లోపాన్ని సరిచేశారు. జ్ఞానానికి మొదటి అక్షరమైన దానినే యంత్రం మోయలేకపోవడం మనకు ఒక హెచ్చరిక. మన భాషలను ఆరంభంలోనే లెక్కలోకి తీసికొనకపోతే చివరకు అవి యంత్రానికి అడ్డంకులుగా కనిపిస్తవి.

చదవలేనివారికి వినిపించే ఏర్పాటు కూడా ఉండవలెను. ఆ స్వరం రేడియో వార్తల స్వరం కాక, మన ఇళ్ళలోని దక్కనీ ఉర్దూలో, మన పల్లెల తెలుగులో ఉంటే చదువురాని తల్లికి చిన్న కొడుకు చేత చదివించుకొనే అవస్థ తప్పుతుంది. నెట్ సౌకర్యం లేని చోట కూడా నమోదు జరిగే వీలు, తక్కువ ధర ఫోన్‌లో నడిచే తేలికదనం కరుణలో భాగాలే.

ముగింపు

ఆ విద్యార్థిని, మేము కలిసి నలభై వాక్యాలనూ తిరిగి రాశాము. ఈసారి ప్రతి వాక్యాన్నీ ఆమె తల్లికి వినిపించి, ఆమె తల ఊపిన తరువాతనే ఉంచాము. పదిహేను వాక్యాలను ఆమె పూర్తిగా కొట్టివేయించింది. అంత మాట్లాడే చుట్టం తనకు అక్కరలేదన్నది. ఎరుపు రంగు తీసివేశాము. పువ్వులు కూడా తీసివేశాము. ఆస్పత్రి నుంచి వచ్చిన తరువాత ఆమె రాసిన మొదటి అంకె 212. అది మంచి అంకె కాదు. కాని నిజమైన అంకె. దానిని చూసి డాక్టరు మందు మార్చగలిగారు.

మన కళాశాలలో ఉర్దూ, తెలుగు, కంప్యూటర్ శాఖలు ఒకే వరండాలో ఉన్నవి. మూడు శాఖల విద్యార్థులు కలిసి ఒక చిన్న బృందంగా ఏర్పడి, ఆశా కార్యకర్తలను, ప్రభుత్వ వైద్యులను సంప్రదించి, చుట్టుప్రక్కల ఇళ్ళలోని పెద్దల ముందు పరీక్షించి ఇట్టి యాప్‌ను తయారుచేయడం అసాధ్యమేమీ కాదు. కళాశాల కమిటీ పెద్దలు అందుకు తగిన సమయాన్ని, కొద్దిపాటి ధనాన్ని సమకూర్చగలరని మనవి చేస్తున్నాము.

విద్యార్థులారా, మీరు రేపు ఎన్నో యంత్రాలకు మాటలు నేర్పబోతున్నారు. నేర్పే ముందు ఆ మాటను మీ తల్లికి వినిపించండి. ఆమె ముఖం చిన్నబోతే, వ్యాకరణం ఎంత చక్కగా ఉన్నా సరే, ఆ వాక్యాన్ని తిరిగి రాయండి. మేము ఆలస్యంగా నేర్చుకొన్న పాఠం ఇది. మీరు ముందుగానే నేర్చుకొందురు గాక.